కల్తీ గింజ

ఓడ వచ్చి పదకొండు రోజులు.
గోధుమ దిగాలంటే నా సంతకం పడాలి.
హార్బరు గేటు దాటాక, బొగ్గు గుట్టల వెనక
మా మూడు గదుల ఆఫీసు.
కిటికీ రెక్క మీద వేలితో పేరు రాయొచ్చు,
అంత నలుపు.

కిలో నమూనా తెల్ల ట్రేలో పోస్తే
పైడితల్లి రోజూ అడిగేదే అడుగుతుంది:
"జల్లెడెందుకమ్మా, సేట ఇయ్యి, సిటికెలో సెరిగేత్తాను."
నిజమే.
చేట పొల్లును గాలికి ఇచ్చేస్తుంది.
నాకు కావలసింది ఆ పొల్లే.

మూడు గంటలకు పట్టకారు కొసన తగిలింది.
జీలకర్ర కంటే లావు, వడ్లగింజ కంటే మొరటు,
చిన్న పీపాలాంటి కంకి ముక్క.
భూతద్దం కిందికి వెళ్ళకముందే గుర్తుపట్టాను.
మేకగడ్డి.
ఇరవై రెండేళ్ళయింది ఈ ముఖం చూసి.

చింతపల్లిలో మంచు విడవని పొద్దుళ్ళు,
మూడు మడుల గోధుమ, కొంకర్లు పోయే వేళ్ళు.
సాయంత్రం ఒక్కో పూవు విప్పి
పచ్చి పుప్పొడి తిత్తులు మూడూ లాగేసి
కంకికి కాగితం సంచి తొడిగేదాన్ని.
మర్నాడు ఈ గడ్డి పుప్పొడి కుంచెతో అద్ది
దారంతో తేదీ కట్టేదాన్ని.
"పెళ్ళి చేశాం" అనేవారు కింతలి మాస్టారు,
"కాపురం మన చేతుల్లో లేదు."

లేదు.
ఇటునుంచి ఇరవై ఒకటి, అటునుంచి ఏడు.
జత కోసం చెయ్యి చాపి, చెయ్యి దొరక్క
కణం నడుమ చెల్లాచెదురుగా నిలబడేవి క్రోమోజోములు,
కాంప్లెక్సులో ఆఖరి బస్సు తప్పినవాళ్ళలా.
గింజలో పిండం ఉండేది, పిండి ఉండేది కాదు.
ఆకలికి చచ్చేలోపు సూదితో తీసి
సీసాలో చక్కెర జావ మీద పడుకోబెట్టాలి.
యూనివర్సిటీ ల్యాబులో కరెంటు పోయిన రాత్రుళ్ళు
సీసాలకు తడిగుడ్డ చుట్టి కూర్చున్నాను,
ఎవరి పిల్లలకో మా ఇంట్లో చెప్పకుండా.

నూట తొంభై పిండాలకు మొలిచినవి నాలుగు.
అందులో ఒకటి,
నూర్పిడికి లొంగని పెంకు, పండీ పండకుండానే రాలే గింజ,
దిక్కుమాలిన మొక్క.
మడి అంతా కుంకుమ తెగులొచ్చి
ముట్టుకుంటే వేలికి తుప్పు అంటుతున్న రోజున
దాని ఆకు పచ్చగా ఉంది.
నమ్మలేక చున్నీతో తుడిచి చూశాను.
పచ్చగానే ఉంది.

ఇక ఆ ఒక్క గుణం ఉంచి
మిగతా అడవిని కడిగెయ్యాలి.
ఏటా మళ్ళీ గోధుమతోనే కలిపి, ఏటా వందల్లో ఏరి,
ఎనిమిదేళ్ళ పని.
నా ఫెలోషిప్పు మూడేళ్ళు.
మాస్టారి ఫ్రిజ్‌లో పదేళ్ళు నిద్రపోయిన ఆ కవర్లు
హుద్‌హుద్ రాత్రి కిటికీతోపాటే పోయాయి.
ఫోన్లో ఆ మాట చెప్పి, ఆయన
మా నాన్న మోకాళ్ళ గురించి అడిగారు.

ఫారంలో గడి: అన్యజాతి విత్తనాలు, సంఖ్య.
ఒకటి, అని రాశాను.
బయట ఏజెంటు వాచీ చూసుకుంటున్నాడు.
"ఒక్క గింజకేనా మేడమ్, ఓడకి రోజుకెంతో తెలుసా?"
తెలుసు. ఒక్క గింజ ఎంతో కూడా తెలుసు.
చేలో పడితే కలుపు. రూలు తప్పు కాదు.

"ఏటమ్మా అది, పురుగా?"
"కాదు పైడితల్లీ. గోధుమకి మేనత్త వరస."
"మరి సుట్టాన్ని కాల్సేత్తారేటి!"

కాల్చాను.
చిటపటమని కూడా అనలేదు.

షుగరొచ్చాక మా ఇంట్లో రాత్రిళ్ళు చపాతీలే.
ఎప్పుడో ఏ చేనుగట్టు మీదో, ఎవరూ సంచి తొడక్కుండా,
ఎవరూ తేదీ కట్టకుండా,
దీని అక్కో చెల్లెలో గోధుమలో కలిసిపోయింది కాబట్టే
ఈ ముద్ద ఇలా సాగుతోంది.
ఒత్తుతూ ఒత్తుతూ
అంచు పట్టుకుని లాగి చూశాను.
తెగలేదు.
పెనం మాడుతోందని లోపల్నుంచి ఎవరో అరిచారు.